ఇంకో అర చుట్టు

ఆదివారం పొద్దున మేస్త్రి బట్టల తీగను ఇంకో అర చుట్టు బిగించాడు. తీగ రెండో కొస కట్టి ఉన్న పక్కింటి కిటికీ ఊడి వచ్చింది.

కిటికీ అంటే ఒక రెక్క కాదు. చట్రంతో సహా, గాజుతో సహా, గాజు ముందు పెట్టుకున్న చిన్న పూలకుండీతో సహా వచ్చింది. రెండిళ్ళ మధ్య సందు మీదుగా తీగకు వేలాడుతూ వచ్చి, ఆరేసిన చొక్కాల పక్కన మర్యాదగా ఆగింది. గాజు పగల్లేదు. కిటికీ ఉండాల్సిన చోట పడిన కంతలోంచి పక్కింటి టీచరమ్మగారు టీ కప్పుతో కనిపించారు. పిల్లలకు జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దేనికీ అంత తొందరగా ఆశ్చర్యపోరు.

"మేస్త్రీ, ఆ కిటికీ నాదనుకుంటా," అన్నారావిడ.

"మీదేనండీ," అన్నాడు మేస్త్రి, దారిలో దొరికిన వస్తువును తెచ్చిచ్చే మనిషిలా. "ఇప్పుడే పంపిస్తాను."

లోపలి నుంచి భార్య పరుగెత్తుకొచ్చింది. తీగను చూసింది, కిటికీని చూసింది, మొగుడి చేతిలోని స్పానరును చూసింది. "తెగేదాకా లాగకూడదని పెద్దలు ఊరికే అన్నారా?"

"తెగలేదుగా! తీగ బ్రహ్మాండంగా ఉంది. వాళ్ళ గోడే నాసిరకం."

ఈ మనిషిని రేవులో అందరూ తీగల మేస్త్రి అంటారు. చిన్న చిన్న తెరచాప పడవల మీద స్తంభాన్ని నిలబెట్టి, దాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలను సరిచెయ్యడం ఆయన పని. ముందు తీగ ఒకటి, వెనుక తీగ ఒకటి, రెండు పక్కలా పక్క తీగలు. ఒక్కో తీగ అడుగున రెండు మరలను ఒకదానివైపు ఒకటి లాక్కునే బిగింపు ఉంటుంది, టర్న్‌బకిల్ అంటారు. దాన్ని ఇటు తిప్పితే తీగ బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. మేస్త్రి దృష్టిలో ఆ రెండోది దేవుడు పొరపాటున పెట్టిన సౌకర్యం.

ఆయన పని చెడ్డదని ఎవరూ అనరు. ఆయన నిలబెట్టిన స్తంభం ఏ తుపానుకూ పడలేదు. చిక్కల్లా పని అయిపోయాక వస్తుంది. అయిపోయిందని మనసు ఒప్పుకుంటుంది గానీ చేతులు ఒప్పుకోవు. కాలుగాలిన పిల్లిలా పడవ చుట్టూ తిరుగుతాడు. తీగను వేలితో మీటి వింటాడు. తల ఊపుతాడు. రెండడుగులు వేసి వెనక్కి వస్తాడు. "ఇంకో అర చుట్టు," అంటాడు, ఎవరితోనూ కాకుండా.

పడవ దొరకని రోజున ఏది దొరికితే అది. సినిమా హాల్లో తన ముందు సీటు మరలు బిగిస్తే, అందులో కూర్చున్నాయన విశ్రాంతి సమయంలో లేవలేకపోయాడు. కూతురు బడిలో నాటకం వేసినప్పుడు తెర తీగ వేలాడుతోందని మేస్త్రి మనసు ఆగలేదు. వేదిక వెనక్కి వెళ్ళి సరిచేశాడు. ఆ తర్వాత తెర కదల్లేదు. నాటకం అయిపోయినా పిల్లలు అందరి ముందూ అలాగే నిలబడిపోయారు. చచ్చిపోయిన రాజుగారు ఎంతసేపని పడుకుంటాడు? లేచి, దుమ్ము దులుపుకుని, నడిచి వెళ్ళిపోయాడు. రాజు వేషం వేసింది మేస్త్రి కూతురే. ఆ సంగతి ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ కూతురే ఇప్పుడు రేవులోని వాళ్ళ షెడ్డులో ఆయనతో పాటు పని చేస్తోంది. స్పానరు పట్టుకునే వయసు వచ్చినప్పటి నుంచి తండ్రి వెనకే తిరిగి నేర్చుకుంది. పై గదిలో భార్య తెరచాపలు కుడుతుంది. కింద తండ్రీ కూతురూ తీగలు కడతారు. చూడముచ్చటైన సంసారం అని రేవులో అంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ అవతలి ఒడ్డు నుంచే చూస్తారు కాబట్టి వాళ్ళకు అలాగే కనిపిస్తుంది.

కిటికీ ఊడిన రోజున కూతురు నవ్వలేదు. సందులో నిలబడి, వేలాడుతున్న చట్రాన్ని కొంచెంసేపు చూసి, "నాన్నా, ఈ తీగ ఎవరు కట్టారు?" అంది.

"నువ్వే కదమ్మా, పోయిన వారం."

"మరి నువ్వెందుకు బిగించావు?"

మేస్త్రి దగ్గర ఉన్న జవాబు చేతిలో స్పానరుగా ఉంది, దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"అవతలి రేవు షెడ్డు వాళ్ళు నన్ను రమ్మంటున్నారు," అంది కూతురు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మేస్త్రికి కొంచెం ధైర్యంగా ఉండేది. "ఇన్నాళ్ళూ ఏమీ చెప్పలేదు వాళ్ళకి. నేను ఏ పడవ చేసినా నువ్వు వెనకాలే వచ్చి ఇంకో చుట్టు తిప్పుతావు. నేను వదిలిన చోట ఏదీ ఉండదు. నా పని మంచిదో చెడ్డదో నాకే తెలీదు నాన్నా, ఎప్పుడు చూసుకోనిచ్చావు గనక?"

"మంచిదేనే తల్లీ..."

"మంచిదైతే ముట్టుకోవద్దు. కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరుగారి పడవ మొత్తం నేనే చేస్తాను. నీళ్ళ మీద పరీక్ష అయ్యేదాకా నువ్వు చెయ్యి పెట్టకూడదు. పెట్టావో, అవతలి వాళ్ళకి సరేనని చెప్పేస్తాను."

"పెట్టను," అన్నాడు మేస్త్రి. మనస్ఫూర్తిగానే అన్నాడు. మనస్సు వేరు, చేతులు వేరు అని ముందే చెప్పుకున్నాం.

పళ్ళ డాక్టరు పడవ చిన్నదే. మధ్యలో ఓ గుడిసెంత గది, అందులో నిలబడితే తల తగిలేంత చిన్న స్నానాలగది, దానికో తలుపు. కూతురు దాని మీద పని మొదలుపెట్టిన రోజు మేస్త్రి టీచరమ్మగారి గోడకు సిమెంటు పూసి వచ్చి, పైగది కిటికీ దగ్గర చేరాడు. భార్య కుట్టుమిషను ముందు తెల్లటి గుడ్డ కొండలా పోసి ఉంది. ఆ కొండ వెనక దాక్కుని కిందికి తొంగి చూడసాగాడు.

కూతురు తెరచాప ఎత్తే తాడును స్తంభం తలమీద నుంచి కుడి అంచుకు లాగింది. అక్కడ తాడు మీద చిన్న గుర్తు పెట్టుకుంది. తర్వాత అదే తాడును ఎడమ అంచుకు తెచ్చి గుర్తు ఎక్కడ పడిందో చూసింది. వేలెడు తేడా. అంటే స్తంభం ఒక పక్కకు వాలి ఉంది. ఒకవైపు తీగ కొంచెం వదిలి, రెండో వైపు కొంచెం బిగించి, మళ్ళీ కొలిచింది. తర్వాత స్తంభానికి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, పైదాకా చూసింది. మేస్త్రి కూడా అక్కడి నుంచే ఒక కన్ను మూశాడు.

"స్తంభం నిటారుగా ఉందే!" అన్నాడు సంతోషం పట్టలేక.

"అయితే ఇటు వచ్చి నా దారం ఎక్కించండి," అంది భార్య.

కూతురు అరచేత్తో తీగల్ని ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. టర్న్‌బకిల్‌లు తిప్పింది, ఇటు కొంచెం, అటు కొంచెం, రెండు వైపులా సమానంగా. ఆగింది.

మేస్త్రి ఊపిరి ఆగిపోయింది. "ఆగిపోయిందే!"

"ఎవరు?"

"అమ్మాయి. ఇంకో అర చుట్టు ఉంది."

"మీకుంది, దానికి లేదు," అని భార్య మిషను తొక్కింది.

కూతురు లోపలికి వెళ్ళి స్నానాలగది తలుపు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. బయటికొచ్చి మరలు వెనక్కి తిరగకుండా పిన్నులు పెట్టి, వాటి మీద తెల్లటి టేపు చుట్టింది. టేపు చివర కొంచెం మడిచి వదలడం ఆమె అలవాటు, మళ్ళీ విప్పేటప్పుడు గోటికి అందాలని. చేతులు తుడుచుకుని పడవకేసి చూసి చిన్నగా నవ్వుకుంది. మేస్త్రి ఆ నవ్వు చూడలేదు. ఆయన చూపు తీగ మీదే ఉంది.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో నాలుగు కుర్చీల కాళ్ళు బిగించాడు. భార్య కళ్ళజోడు మరలు బిగించాడు. ఆవిడకు చెవులు నొప్పిపెట్టాయి. కుళాయి బిగిస్తే అది కారడం ఆగింది, తర్వాత నీళ్ళు రావడం కూడా ఆగింది. అయినా చేతులకు ఆకలి తీరలేదు.

మర్నాడు పొద్దున్నే, "గాలి ఎటుందో చూసి వస్తా," అని బయలుదేరాడు.

గాలి చూశాడు, అది నిజం. తర్వాత పడవ కూడా చూశాడు. చూడ్డంలో తప్పేముంది? తీగను వేలితో మీటాడు. శ్రుతిలో లేదనిపించింది. టేపు విప్పి, పిన్ను తీసి, కుడివైపు అర చుట్టు తిప్పాడు. ఒకవైపే తిప్పితే అన్యాయం కాబట్టి ఎడమవైపూ తిప్పాడు. ఎడమది కొంచెం ఎక్కువైందనిపించి కుడిది ఇంకొంచెం. ఇలా న్యాయం చేసుకుంటూ చేసుకుంటూ వెళ్ళాడు. చివరికి పిన్నులు పెట్టి టేపు చుట్టాడు. జేబులో కత్తి లేకపోతే టేపును పళ్ళతో కొరికి తెంపాడు. ఇంటికొచ్చి టీ తాగుతుంటే చేతులు హాయిగా ఉన్నాయి. టీ పూర్తయ్యేలోగా కూతురు పడవ పరీక్షకు బయలుదేరుతూ వాకిట్లో ఆగింది.

"నువ్వూ రా నాన్నా," అంది కూతురు. "కూర్చో. అంతే."

పళ్ళ డాక్టరు అప్పటికే పడవలో ఉన్నాడు. పక్కన వాళ్ళ అత్తగారు. అల్లుడు సెలవు రోజుల్లో ఇల్లు వదిలి ఎక్కడికి పోతున్నాడో కళ్ళారా చూద్దామని వచ్చిందావిడ. పడవంతా ఒకసారి చూసి, "దీనికోసమా?" అంది. డాక్టరు వినపడనట్టు తాడు సర్దుకున్నాడు.

రేవు దాటగానే మంచి గాలి అందుకుంది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్ళను కోస్తూ సాగింది. అందరూ ముందుకు చూస్తున్నారు. మేస్త్రి మాత్రం తేలు కుట్టిన దొంగలా పడవ అడుగు చూస్తున్నాడు.

గాలికి ఎదురుగా ఉన్న వైపు తీగ బిగుసుకుని బరువంతా మోస్తుంది. గాలిచాటు వైపు తీగ కొంచెం వదలాలి, పట్టుకుంటే చేతిలో కాస్త ఆడాలి. అలా ఆడితే లెక్క సరిపోయినట్టు. కూతురు వంగి గాలిచాటు తీగను పట్టుకుంది. అది ఆడలేదు. ఇనుప కడ్డీలా ఉంది. ఆమె తన చేతినే ఒకసారి చూసుకుంది, నిన్న తనే ఇంత బిగించానా అన్నట్టు.

ఆ చూపు మేస్త్రి చూశాడు. కోపంగా తనవైపు చూసి ఉంటే తట్టుకునేవాడే. తన చేతిని తనే అనుమానించుకునే ఆ చూపు ఆయన గుండెలో స్పానరులా తిరిగింది.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి దబదబా చప్పుడు.

"అల్లుడుగారూ! తలుపు రావడం లేదు!"

అత్తగారు ఎప్పుడు లోపలికి వెళ్ళిందో ఎవరూ గమనించలేదు. స్నానాలగదిలోకి వెళ్ళి, బిగుతుగా ఉన్న తలుపును బలంగా లాగి మూసుకుంది. ఇప్పుడు అది పట్టేసింది.

"నెట్టండి అత్తయ్యగారూ," అన్నాడు డాక్టరు.

"నెడుతూనే ఉన్నా!"

"అయితే లాగండి."

"మీరు పళ్ళు ఇలాగే పీకుతారా?"

డాక్టరు చుక్కాని కూతురి చేతికిచ్చి, కాలు గోడకు తన్నిపెట్టి తలుపు లాగాడు. ఎంతమంది దవడల్నో గెలిచిన ఆ చెయ్యి తలుపు దగ్గర ఓడిపోయింది.

"నిన్న నేను తెరిచి మూసి చూశానండీ," అంది కూతురు నెమ్మదిగా. "పక్క తీగలు మరీ బిగిస్తే స్తంభం కింద ఉన్న గది కప్పును నొక్కుతుంది. కప్పు దిగితే తలుపు పట్టేస్తుంది. అందుకే చూశాను. నిన్న బాగానే ఉంది."

డాక్టరు చుక్కాని మళ్ళీ అందుకున్నాడు. ఆమె టర్న్‌బకిల్ దగ్గరికి జరిగి టేపు చివర వెతికింది. మడత లేదు. టేపు విప్పి దాని చివరను వెలుతురుకు పట్టింది. డాక్టరు మెడ చాచి చూశాడు. వృత్తి అలాంటిది మరి.

"ఎవరో కొరికి తెంపారే," అన్నాడు ఆసక్తిగా. "ఇదిగో, పైవరస ముందు పన్ను, మూల విరిగింది. ఈ మనిషి ఎవరోగానీ త్వరగా చూపించుకోవాలి."

మేస్త్రి నోరు గట్టిగా మూసుకున్నాడు. పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని పట్టుకుని ఆ పన్ను విరిగి చాలాకాలమైంది.

కూతురు తండ్రివైపు చూడలేదు. టేపును ఉండచుట్టి జేబులో వేసుకుంది. "నాదే తప్పు డాక్టరుగారూ," అంది. "పొద్దున బయలుదేరేముందు మళ్ళీ చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

తెరచాప ఒకసారి టపటపమంది. మేస్త్రి నోరు మూసుకుని కూర్చుంటే గండం గడిచిపోయినట్టే. డాక్టరు అడగడు. కూతురు చెప్పదు. ఏమీ చెప్పకుండా రేపు సామాను సర్దుకుంటుంది, అంతే.

"నేనే," అన్నాడు మేస్త్రి. ఆ మాట అనడానికి నోరు తెరవక తప్పలేదు, విరిగిన పన్ను అందరికీ కనిపించింది. "పొద్దున వచ్చి నేనే బిగించాను. అమ్మాయి పెట్టింది సరిగ్గా ఉంది."

"సరిగ్గా ఉందని తెలిసీ ఎందుకు బిగించారండీ?" డాక్టరు నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

మేస్త్రి ఆలోచించాడు. "సరిగ్గా ఉంది కాబట్టేనండీ. నేను చెయ్యడానికి ఏమీ మిగల్లేదు."

"ఎవరు బిగించారో ఒడ్డుకెళ్ళాక తేల్చుకోండి," అని లోపలి నుంచి గొంతు వినిపించింది. "ముందు వదులు చెయ్యండి!"

పడవను గాలికి ఎదురుగా తిప్పి తెరచాపలు దించారు. కూతురు స్పానరు తీసింది. మేస్త్రి చెయ్యి అలవాటుగా ముందుకు చాచాడు. ఆమె ఆ చేతిలో పిన్నులు పెట్టింది.

"ఎంత తిప్పావు?"

"ఒక చుట్టు."

"నాన్నా."

"రెండు... రెండున్నర. రెండు వైపులా సమానమేనే, ఒట్టు."

ఆమె ఇటు అర చుట్టు, అటు అర చుట్టు వదులుతూ పోయింది. ఒక్కో చుట్టుకూ మేస్త్రి ముఖంలో ఒక్కో ముడత పడింది, తన పన్నే పీకుతున్నట్టు. చివరికి పడవ లోపల ఎక్కడో కిర్రుమంది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

అత్తగారు కొప్పు సరిచేసుకుంటూ బయటికొచ్చింది. అందరూ ఆవిడ ముఖం చూస్తున్నారు.

"లోపల ప్రశాంతంగా ఉంది," అందావిడ. "ఫోను లేదు, పిలిచేవాళ్ళు లేరు. అల్లుడుగారూ, మీరు ఇక్కడికి ఎందుకొస్తారో ఇప్పుడర్థమైంది."

మళ్ళీ తెరచాపలు ఎత్తారు. పడవ ఒరిగింది. గాలిచాటు తీగ కొంచెం వదిలి, సన్నగా వణుకుతూ ఆడింది. ఇటు తిప్పి చూశారు, అటు తిప్పి చూశారు, రెండు వైపులా ఒకేలా. డాక్టరు చుక్కాని రెండు వేళ్ళతో పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. కూతురు ఆ తీగనే చూస్తోంది, తను వదిలిన చోట ఉన్న తీగను. మేస్త్రి తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. తిమ్మిరెక్కినా లేవలేదు.

ఒడ్డుకు వచ్చాక కూతురు నేరుగా షెడ్డుకు వెళ్ళింది. మర్నాడూ పొద్దున్నే అక్కడికే వెళ్ళింది. మేస్త్రికి ఇంట్లో కాలు నిలవలేదు. షెడ్డుకు వెళ్తే సామాను సర్దుకుంటోందేమోనని భయం. వెళ్ళకపోతే సర్దేసుకుందేమోనని భయం. చివరికి వెళ్ళి షెడ్డు పైగదికి మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే, "ఆ మెట్లు అరిగిపోతాయి, ఏదైనా అడగదలుచుకుంటే అడగండి," అంది భార్య.

"వెళ్ళిపోతుందంటావా?"

"నన్నా అడిగేది?"

కింద కూతురు ఒక పాత తీగ చుట్ట విప్పుతోంది. మేస్త్రి షెడ్డు వాకిట్లో నిలబడ్డాడు. "అవతలి వాళ్ళకి ఏం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు." తీగ కొలుస్తూనే అంది. "నిన్న నువ్వు నోరు తెరవకపోతే ఈపాటికి చెప్పేసేదాన్ని."

"మరిప్పుడు?"

"ముందు మన ఇంటి బట్టల తీగ కడతాను. ఏ పడవా కాదు, అదే. దాన్ని నువ్వు ముట్టుకోకుండా ఉండగలవో లేదో చూస్తాను. రోజూ దాని పక్క నుంచే నడవాలి నువ్వు."

తీగ కట్టింది. ఒక కొస తమ గోడకు, రెండో కొస ఈసారి కిటికీకి కాకుండా టీచరమ్మగారి గోడలో దింపిన గట్టి కొక్కేనికి. టర్న్‌బకిల్ తిప్పింది, ఆగింది. పిన్ను పెట్టి టేపు చుట్టి, చివర మడిచి వదిలింది. తీగ మధ్యలో కొంచెం వాలింది. ఆ వాలు చూసి మేస్త్రికి అన్నం సయించలేదు. పొద్దున పళ్ళు తోముకుంటూ చూశాడు. చెప్పులు వేసుకుంటూ చూశాడు. ఒకరోజు సందులోంచి కాకుండా వీధంతా చుట్టి షెడ్డుకు వెళ్ళాడు. టేపు మడత మాత్రం మడతగానే ఉంది. కూతురు షెడ్డులో ఇంకో పడవ స్తంభం ఎత్తుతోంది.

అలాంటి ఒక పొద్దున కొత్తగా బిగించిన కిటికీ తెరుచుకుంది. టీచరమ్మగారు తల బయటపెట్టారు.

"ఏమయ్యా మేస్త్రీ, మీ తీగ మీద ఆరేసిన నా దుప్పటి నా మొక్కల్ని ఊడుస్తోంది! తీగ ఇంత వదులుగా ఉంటే ఎలా? ఇంకో అర చుట్టు తిప్పకూడదూ!"

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన్ని అడిగిన మనిషి లేడు. మేస్త్రి తీగకేసి చూశాడు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"అది మా అమ్మాయి కట్టిన తీగండీ, ఆమెనే అడగాలి."